మోటారుకు మీటరు: శ్రీకాకుళం లెక్క ఎవరికి ఏం చెప్పింది?

శ్రీకాకుళం జిల్లాలో 2020-21లో 26,083 వ్యవసాయ కనెక్షన్లు 10 కోట్ల 15 లక్షల యూనిట్లు వాడినట్టు లెక్క. మరుసటి ఏడాదికి కనెక్షన్లు 28,393 అయ్యాయి, మోటార్లకు మీటర్లు వచ్చాయి, వాడకం మాత్రం 6 కోట్ల 78 లక్షల యూనిట్లకు దిగింది. మోటార్లు పెరిగితే కరెంటు మూడో వంతు తగ్గిందన్నమాట. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని ఆదాగా ప్రకటించి, రాష్ట్రమంతా ఇదే చేస్తామంది. ప్రతిపక్షాలు, రైతు సంఘాలు ఈ మీటర్లు రైతు మెడకు ఉరితాళ్లన్నాయి.

నేను విద్యుత్ పంపిణీలో మొదట ఆపరేషన్ వైపు, తర్వాత మీటరింగ్ వైపు పనిచేసినవాణ్ణి. స్మార్ట్ గ్రిడ్ సదస్సుల్లో 'ఇన్నోవేషన్' అన్న మాట వినపడినప్పుడల్లా నాకు ఈ జిల్లా లెక్కే గుర్తుకొస్తుంది. ఎందుకంటే అక్కడ పెట్టిన మీటరులో సాంకేతికంగా కొత్తదేమీ లేదు. మీటరు వందేళ్ల నాటి వస్తువు. అయినా దాని చుట్టూ ఇంత రగడ జరిగిందంటే, కొత్తదనం పెట్టెలో కాకుండా ఇంకెక్కడో ఉండాలి. ఇలాంటి కేసులు చూసేటప్పుడు నేను ఒక ప్రశ్న దగ్గర పెట్టుకుంటాను: ఈ పరికరం వచ్చాక ఎవరు తమ నిర్ణయం మార్చుకున్నారు? ఎవరూ మార్చుకోకపోతే అది ఒక కొనుగోలు, అంతకుమించి ఏమీ లేదు.

మీటరు ఎందుకు పోయింది

ఒకప్పుడు బావుల మీద మోటార్లకూ మీటర్లుండేవి. రీడింగు తీయడానికి మనిషి చేల గట్ల మీద నడవాలి. వసూలయ్యే డబ్బు కంటే తిరుగుడే ఎక్కువ. 1980ల్లో హార్స్‌పవర్‌కు ఏడాదికి ఇంత అనే స్లాబు పద్ధతి స్థిరపడింది. ఎన్టీఆర్ హయాంలో హెచ్‌పీకి 50 రూపాయలన్న మాట ఇప్పటికీ పల్లెల్లో పెద్దవాళ్లు చెబుతారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉచిత విద్యుత్ ఫైలు మీద మొదటి సంతకం పెట్టాక ఆ కాస్త బిల్లూ పోయింది.

బిల్లు లేనిచోట మీటరు ఎందుకన్నది సహజమైన ప్రశ్నే. కానీ డిస్కమ్‌కు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలంటే రైతులు ఎంత వాడారో ఏదో ఒక అంకె కావాలి. దానికోసం నమూనా పద్ధతి వచ్చింది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించింది కాబట్టి మేమంతా దాన్ని ఐఎస్‌ఐ మెథడాలజీ అనేవాళ్లం. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను ఎంపిక చేసి, వాటికి మీటర్లు పెట్టి, ఆ రీడింగులతో మొత్తం లోడుకు లెక్క కట్టడం దాని సారం. పద్ధతిలో తప్పు లేదు. క్షేత్రంలో మాత్రం నమూనా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే వేరొకటి ఎక్కుతుంది, మీటరు ఆగిపోతే నెలల తరబడి ఎవరూ చూడరు, కొత్త బోరు పడితే రికార్డు వెనకబడుతుంది. అంచనా అనేది అలా అలా అసలు నుంచి పక్కకు జరిగిపోతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క అర్థమైతే మిగతా కథంతా అర్థమవుతుంది. డిస్కమ్ కొన్న కరెంటు ఎంతో కచ్చితంగా తెలుసు. ఇళ్లకు, షాపులకు, ఫ్యాక్టరీలకు అమ్మింది మీటర్ల వల్ల తెలుసు. మిగిలినదాంట్లో రెండు ఉన్నాయి: రైతులు వాడింది, లైన్లలో పోయింది. 'లైన్లలో పోయింది' అన్నదాంట్లో దొంగతనమూ కలిసే ఉంటుంది. ఒకటే సమీకరణం, తెలియని అంకెలు రెండు. రైతు వాడకం ఎక్కువ రాస్తే నష్టాల శాతం తగ్గుతుంది, తక్కువ రాస్తే పెరుగుతుంది. ఏ డిస్కమ్ అయినా విద్యుత్ నియంత్రణ మండలి ముందు నిలబడి చెప్పాల్సింది నష్టాల శాతమే కాబట్టి, పెన్ను ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. దేశంలో మీటర్లు లేని వ్యవసాయ సరఫరా ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ ఇదే తంతు.

పొలంలో అప్పటికే జరిగిన ఇన్నోవేషన్లు

స్మార్ట్ గ్రిడ్ అన్నమాట ఢిల్లీ నుంచి రాకముందే మన పొలాల్లో ఆటోమేషన్ వచ్చేసింది. దాని పేరు ఆటో స్టార్టర్. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. అర్ధరాత్రి పన్నెండింటికి వస్తే చీకట్లో చేనుకు పోయి మీట నొక్కాలి. పాములు, తడి నేల, తెగిన వైర్లు. అలా పోయి తిరిగి రానివాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరిగేలా చిన్న పెట్టె బజార్లోకి వచ్చింది, రైతు కొనుక్కున్నాడు. దానికి సబ్సిడీ లేదు, పైలట్ ప్రాజెక్టు లేదు, డీపీఆర్ (ప్రాజెక్టు నివేదిక) లేదు.

మా డిపార్టుమెంటు కంటికి అది పీడ. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై మోటార్లుంటే, సరఫరా ఇచ్చిన క్షణంలో ఇరవయ్యీ ఒకేసారి లేస్తాయి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఓల్టేజీ కుప్పకూలుతుంది, ఫ్యూజులు ఎగురుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, రైతులు చందాలు వేసుకుని ట్రాక్టరు మీద దాన్ని రిపేరు షెడ్డుకు తీసుకెళ్తారు. పనిచేసే తెలివిని రైతు తెచ్చుకున్నాడు, ఆ తెలివిని సమన్వయం చేసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి 23 లక్షలకు పైగా ఉన్న మోటార్లకు 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు కూడా, ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పాల్సి వచ్చింది. కారణం ఈసారి భూగర్భజలం. కరెంటు ఎప్పుడూ ఉంటే ఆటో స్టార్టర్ ఉన్న మోటారు ఎప్పుడూ తిరుగుతుంది.

ఇంకో ఉదాహరణ హెచ్‌వీడీఎస్, అంటే హై ఓల్టేజ్ పంపిణీ పద్ధతి. పాత పద్ధతిలో 63 లేదా 100 కేవీఏ సామర్థ్యమున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి, అక్కడి నుంచి ఎల్‌టీ (తక్కువ ఓల్టేజీ) వైరును కిలోమీటరు దాకా లాగేవాళ్లు. చివరి మోటారుకు ఓల్టేజీ చేరేది కాదు. మధ్యలో ఎవరైనా కొక్కెం తగిలించుకోవచ్చు. హెచ్‌వీడీఎస్‌లో 11 కేవీ (11 వేల ఓల్టుల) లైనునే పొలం దాకా తీసుకెళ్లి, 15 లేదా 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను రెండు మూడు మోటార్లకు ఒకటి చొప్పున పెడతారు. అదే పవర్‌ను 11 కేవీ మీద తీసుకెళ్తే కరెంటు దాదాపు 27వ వంతుకు పడిపోతుంది, లైన్లో నష్టం అంతకంటే ఎన్నో రెట్లు తగ్గుతుంది. 11 కేవీ వైరుకు కొక్కెం వేసే ధైర్యం ఎవరికీ ఉండదు.

అయితే నాకు అందులో నచ్చింది ఇంజనీరింగ్ కంటే మనుషుల వైపు జరిగిన మార్పు. ఇరవై మంది ట్రాన్స్‌ఫార్మర్ ఎవరిదీ కాదు. ముగ్గురి ట్రాన్స్‌ఫార్మర్ ఆ ముగ్గురిది. పక్క చేనువాడు అదనంగా రెండు హెచ్‌పీ పెంచితే "అన్నా, నీ మోటారు వల్ల నాది కాలిపోతే ఎవరు కట్టాలి?" అని రెండోవాడే అడుగుతాడు. లైన్‌మన్ వెళ్లి గొడవ పడక్కర్లేదు. నా ప్రశ్నకు హెచ్‌వీడీఎస్ నుంచి సూటిగా జవాబొస్తుంది: నిర్ణయం మార్చుకున్నది రైతు. ఏ సదస్సులోనూ దీన్ని ఇన్నోవేషన్ అని ఎవరూ స్లైడు వేయరు.

పెద్ద గ్రిడ్‌లోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. దక్షిణాది గ్రిడ్‌లో ఒకప్పుడు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉండాల్సింది 48 దగ్గర వేలాడేది; ఉన్న కరెంటు కంటే లాగుడు ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ పడుతుంది. ఉన్నంతసేపు లాగుదామనే ప్రతి రాష్ట్రమూ చూసేది, ఎందుకంటే లాగినా లాగకపోయినా ధర ఒక్కటే. 2003 జనవరిలో దక్షిణాదిలో ఏబీటీ (అవైలబిలిటీ బేస్డ్ టారిఫ్) అనే ధరల పద్ధతి అమల్లోకి వచ్చింది. షెడ్యూలు కంటే ఎక్కువ లాగితే ఆ పావుగంటకు ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూసి ధర కట్టేవాళ్లు. ఫ్రీక్వెన్సీ పడిపోతే ధర మండిపోయేది. దీనికి కావాల్సిన హార్డ్‌వేర్ అంతా పావుగంటకొకసారి లెక్క రాసే మీటర్లు మాత్రమే. నెలల్లో ఫ్రీక్వెన్సీ దారికొచ్చింది. గ్రిడ్ నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్లో కూర్చున్న ఇంజనీరు ఫ్రీక్వెన్సీ చూసి "ఇప్పుడు లాగనా, ఆపనా" అని మొదటిసారి ఆలోచించడం మొదలుపెట్టాడు.

శ్రీకాకుళంలో ఏం చేశారు

2020 మేలో కేంద్రం రాష్ట్రాలకు అదనపు అప్పు వెసులుబాటు ఇస్తూ అందులో కొంత భాగాన్ని విద్యుత్ సంస్కరణలకు ముడిపెట్టింది. వ్యవసాయ సబ్సిడీని నేరుగా రైతు ఖాతాలో వేయడం ఆ సంస్కరణల్లో ఒకటి. తర్వాత 2021-22 నుంచి నాలుగేళ్లపాటు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అర శాతం దాకా అదనపు అప్పును ఇదే దారిలో ఇచ్చారు. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ఉచిత విద్యుత్‌కు నగదు బదిలీ జీవో తెచ్చి, ముందుగా శ్రీకాకుళంలో మొదలుపెట్టింది.

పథకం కాగితం మీద సరళంగా ఉంటుంది. ప్రతి మోటారుకు మీటరు. నెలనెలా రీడింగు. ఎంత బిల్లయితే అంత మొత్తం ప్రభుత్వం రైతు పేరున తెరిచిన ఖాతాలో వేస్తుంది, అక్కడి నుంచి అది డిస్కమ్‌కు వెళుతుంది. రైతు జేబు నుంచి రూపాయి కదలదు.

శ్రీకాకుళాన్ని ఎంచుకోవడం మీద నాకో మాట ఉంది. రాష్ట్రంలో దాదాపు 18 లక్షల వ్యవసాయ కనెక్షన్లుంటే ఆ జిల్లావి 28 వేల పైచిలుకే. వంశధార, నాగావళి నీళ్లున్న ప్రాంతం, మోటారు చాలాచోట్ల కాలవకు తోడు. అనంతపురం, చిత్తూరు జిల్లాల్లో వందల అడుగుల లోతు బోర్ల మీద బతికే రైతుకు మోటారే సర్వస్వం. తేలికైన చోట మొదలుపెట్టడం తప్పు కాదు, అన్ని పైలట్లూ అలాగే మొదలవుతాయి. అక్కడి ఫలితాన్ని రాయలసీమకు గుణించేయడం మాత్రం చెల్లదు.

రాష్ట్రమంతటికీ అనుకున్న దశలో సాదా మీటరు కాస్తా రీడింగును దానంతటదే పంపే స్మార్ట్ మీటరైంది. దాంతో పాటు పెట్టె, ఎంసీసీబీ (లోడు మించితే సరఫరా ఆపే బ్రేకరు), ఎర్తింగ్ లాంటి అనుబంధ పరికరాలు చేరాయి. ఖర్చు పెరిగింది, రాజకీయ దుమారమూ పెరిగింది. సాంకేతికంగా పొలంలో స్మార్ట్ మీటరు నిలబడటం ఊళ్లో నిలబడటం లాంటిది కాదు. మీటర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే రేడియో మెష్ పనిచేస్తుంది, డేటా ఒకదాన్నుంచి ఒకదానికి గంతులేసుకుంటూ పోతుంది. పొలాల్లో మోటారుకు మోటారుకు మధ్య వందల మీటర్లు. కాబట్టి సిమ్ కార్డే గతి, సెల్ సిగ్నలేమో చెట్టు చాటున ఉంటే ఒకలా, లేకపోతే ఒకలా. పైగా వ్యవసాయ ఫీడరులో (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వెళ్లే లైన్లో) కరెంటుండేది రోజుకు తొమ్మిది గంటలు. మిగతా పదిహేను గంటలు మీటరుకు ఊపిరే లేదు. లోడ్ ప్రొఫైలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేటు, అన్నీ ఆ తొమ్మిది గంటల్లోనే లాక్కోవాలి. కరెంటు పోగానే కబురు పంపే లాస్ట్ గ్యాస్ప్ సదుపాయం ఉంటే, ఫీడరు ఆపిన ప్రతిసారీ వేల మీటర్లు ఒకేసారి "నాకు కరెంటు పోయింది" అని మొర పెడతాయి. సాఫ్ట్‌వేర్‌కు వ్యవసాయ సరఫరా వేళల పట్టిక (రోస్టరు) ముందే చెప్పి ఉండకపోతే కంట్రోల్ రూములో ఉన్నవాడికి టెన్షన్. ఊళ్ల కోసం రాసిన స్పెసిఫికేషన్‌ను పొలానికి కాపీ కొడితే ఇలాంటివే ఎదురవుతాయి.

ఆ మూడో వంతు ఎక్కడికి పోయింది

ఇప్పుడు మొదటి అంకెకు వద్దాం. కనెక్షన్‌కు సగటు వేస్తే ఏడాదికి దాదాపు 3,900 యూనిట్ల నుంచి 2,400కు దిగింది. ఐదు హెచ్‌పీ మోటారు గంటకు ఐదు యూనిట్లకు కాస్త తక్కువ లాగుతుంది. అన్నీ ఐదు హెచ్‌పీవే అనుకుంటే, పాత లెక్క ప్రకారం ఒక మోటారు ఏడాదికి 800 గంటలు, కొత్త లెక్క ప్రకారం 500 గంటలు తిరిగింది. రోజుకు తొమ్మిది గంటల చొప్పున తొంభై రోజులు ఒకటి, యాభై అయిదు రోజులు ఇంకొకటి. కాలవ నీళ్లున్న జిల్లాలో రెండో అంకే నాకు నమ్మదగ్గదిగా కనిపిస్తుంది.

మరి ఒక్క ఏడాదిలో రైతు మోటారును 300 గంటలు తక్కువ తిప్పాడా? ఎందుకు తిప్పుతాడు? బిల్లు అతను కట్టడం లేదు. నీళ్ల అవసరం మారలేదు. వర్షం కొంత తేడా తేవచ్చు గానీ ఇంత కాదు. మొదటి ఏడాది అంకె అంచనా, రెండో ఏడాది అంకె కొలత. అంచనాలోంచి కొలతను తీసేస్తే వచ్చేది ఆదా అనిపించుకోదు, అంచనా ఎంత తప్పిందో చెప్పే అంకె అది. నిజంగా ఆదా అయిందో లేదో తేల్చడానికి వేరే దారుంది. అవే ఫీడర్లకు సబ్‌స్టేషన్‌లో ఇన్‌పుట్ మీటర్లున్నాయి. రెండేళ్లలో అవే నెలల ఇన్‌పుట్‌ను పక్కపక్కన పెట్టాలి. ఇన్‌పుట్ కూడా మూడో వంతు తగ్గితే రైతు నిజంగానే పొదుపు చేశాడు. ఇన్‌పుట్ ఉన్నచోటే ఉంటే, నిన్నటిదాకా రైతు ఖాతాలో రాసిన కరెంటు ఇవాళ నష్టాల ఖాతాలోకి నడిచొచ్చింది.

ఈ రెండోదాని అర్థం చూడండి. ఏళ్ల తరబడి "ఉచిత విద్యుత్ వల్లే డిస్కమ్‌లు మునిగిపోతున్నాయి" అన్న నింద మోసింది రైతు. మీటరు పెట్టగానే అతను వాడింది చెప్పినదాంట్లో మూడింట రెండు వంతులేనని తేలింది. రైతు సంఘాలు సంబరం చేసుకోవాల్సిన ఫలితం ఇది. ప్రభుత్వం మాత్రం దాన్ని "రైతు దుబారా అరికట్టాం" అన్నట్టు చెప్పింది. కొలత రైతు పక్షాన సాక్ష్యం చెప్పింది, ఆ సాక్ష్యం రైతు చెవిదాకా వెళ్లలేదు.

ఒకే పెట్టె, ఎవరి అర్థం వారిది

ఆర్థిక శాఖకు ఆ మీటరు అప్పు తెచ్చుకునే అర్హత. విద్యుత్ శాఖకు సబ్సిడీ బిల్లు తగ్గించే సాధనం. మీటర్ల సరఫరాదారుకు మీటరుకు నెలకింత చొప్పున ఏళ్లపాటు వచ్చే రాబడి. ఈ ముగ్గురి మీదా ఎక్కువ చెప్పక్కర్లేదు, ముగ్గురివీ కాగితం మీద రాసి ఉన్నవే.

డిస్కమ్ సంగతి కొంచెం చిక్కు. కచ్చితమైన లెక్క కావాలని పైకి అందరూ అంటారు. వస్తే మాత్రం నష్టాల శాతం పెరిగి కనిపిస్తుంది, వచ్చే సబ్సిడీ తగ్గుతుంది, ఆ పెరిగిన నష్టానికి ఒక డీఈ, ఒక ఏఈ (ఆ ప్రాంత ఇంజనీర్లు) జవాబు చెప్పాలి. సమీక్షా సమావేశంలో "నీ ఫీడర్ల మీద లాసులు ఎందుకు పెరిగాయ్?" అని అడిగితే, "పెరగలేదు సార్, ఇప్పుడు కనిపించాయి" అని చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆ మాట చెప్పినా శిక్ష పడదని పైనుంచి ముందే భరోసా ఇవ్వాలి. మొదటి రెండేళ్లు బయటపడే నష్టాలను బేస్‌లైన్‌గా తీసుకుంటాం, ఎవరినీ తప్పుపట్టం అని ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. నా దృష్టిలో ఆ ఒక్క కాగితం ఏ సాఫ్ట్‌వేర్ మాడ్యూల్ కంటే పెద్ద ఇన్నోవేషన్.

లైన్‌మన్‌కు ఆ పెట్టెలో పని పెరగడమే కనిపించింది. ఎండలో, వానలో ఉండే పెట్టె. కందిరీగలు గూడు పెడతాయి, పశువులు రాసుకుంటాయి, తాళం విరుగుతుంది. మీటరు పాడైతే ఫోను అతనికే. కానీ అతనికి ఉపయోగపడే సంగతి కూడా అందులోనే ఉంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందని మీటరు చెప్పగలదు. ఒక ఫేజు పోయి రెండింటి మీద తిరిగితేనే పొలాల్లో మోటార్లు ఎక్కువగా కాలతాయి. రైతు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి సొంతంగా ఫ్యూజు వేయబోయి ప్రాణం మీదికి తెచ్చుకునేదీ అప్పుడే. "ఫలానా ట్రాన్స్‌ఫార్మర్‌లో వై ఫేజు లేదు" అని లైన్‌మన్ ఫోనుకు మెసేజ్ వస్తే అతను బయల్దేరే వేళ మారుతుంది. డేటా హెడ్ ఆఫీసు డ్యాష్‌బోర్డు దాకా పోయి అక్కడే ఆగిపోతే మారదు. చాలా ప్రాజెక్టుల్లో డేటా పైకే వెళుతుంది, కిందికి రాదు.

ఇక రైతు. ఊరి రచ్చబండ దగ్గర ఎన్నిసార్లు ఎంత విడమరిచి చెప్పినా తిరిగొచ్చే ప్రశ్న ఒక్కటే: "మీటరెట్టేక ఎప్పుడో ఒకప్పుడు బిల్లు రాకుండా ఉంటాదా బాబూ?" దీన్ని అపోహ అని కొట్టిపారేసే అధికారులను చూశాను. నాకైతే అది చరిత్ర తెలిసినవాడి ప్రశ్న. బిల్లు కట్టలేదని ఊరంతటి ఫ్యూజులు పీకేసిన రోజులు చూసినవాడు అతను. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ఆందోళన మీద పోలీసు కాల్పులు తెలుగు రాజకీయాలనే మార్చేశాయి. దాని తర్వాత నాలుగేళ్లకే ఉచిత విద్యుత్ వచ్చింది. ఆ వరస రైతు మర్చిపోలేదు. అతని రెండో ప్రశ్న ఇంకా పదునైనది. "గవర్మెంటు ఖాతాలో డబ్బులెయ్యడం లేటయితే కనెక్షన్ తీసేస్తారా?" ప్రభుత్వాలు సబ్సిడీలు ఆలస్యం చేయడం అందరికీ తెలిసిందే. ఇన్నాళ్లూ ఆ ఆలస్యం డిస్కమ్‌కు, ప్రభుత్వానికి మధ్య తగాదా. మధ్యలో రైతు ఖాతా పెట్టగానే బాకీదారు పేరు మారిపోయింది. సబ్సిడీ ఆలస్యమైనంత మాత్రాన సరఫరా ఆపరాదని నియంత్రణ మండలి నిబంధన రూపంలో రాసిస్తే ఆ ప్రశ్నకు జవాబవుతుంది. మంత్రి ప్రసంగం అవదు.

నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటర్లను తప్పనిసరి చేసే చట్టాన్ని 2009లో అక్కడి ఎగువ సభ ఆపేసింది. పావుగంట డేటా చూస్తే ఇంట్లో ఎవరున్నారో, ఎప్పుడు లేరో తెలిసిపోతుందన్నది వాళ్ల భయం. తర్వాత మీటరును వద్దనే హక్కు, పెట్టుకున్నా డేటా పంపకుండా ఆపే హక్కు చట్టంలో చేర్చాకే పని ముందుకు కదిలింది. డచ్చివాళ్ల భయం గోప్యత గురించి, మనవాళ్ల భయం బిల్లు గురించి. అక్కడ భయాన్ని చట్టంలోకి తీసుకున్నారు. ఇక్కడ దాన్ని ప్రతిపక్షాల ప్రచారమని పక్కన పెట్టారు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగి ఉంటే

నన్ను సలహా అడిగితే చెప్పేది ఇది. హెచ్‌వీడీఎస్ ఉన్నచోట రెండు మూడు మోటార్లకు ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఎలాగూ ఉంది. మీటరు దానికి పెడితే లెక్క దాదాపు అంతే కచ్చితంగా వస్తుంది. మీటర్ల సంఖ్య సగానికి పైగా తగ్గుతుంది. ఏ రైతు పేరునా బిల్లు ఉండదు కాబట్టి భయమూ ఉండదు. ఎనర్జీ ఆడిట్‌కు, ప్రణాళికకు, ఓవర్‌లోడు పట్టుకోవడానికి అది చాలు. ఆశ్చర్యమేంటంటే 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ (విద్యుత్ పంపిణీ సంస్కరణల పథకం) కూడా ఇలాగే ఆలోచించింది. 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు లక్ష్యంగా పెట్టుకున్న ఆ పథకం వ్యవసాయ వినియోగదారులను మినహాయించి, ఫీడర్లకూ ట్రాన్స్‌ఫార్మర్లకూ మీటర్లు అడిగింది. 'మోటార్లకు మీటర్లు' ససేమిరా అన్న తెలంగాణ కూడా ట్రాన్స్‌ఫార్మర్ మీటరు మీద అంత పోరాడేది కాదని నా నమ్మకం.

ఎదురు వాదనా ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీటరుతో నగదు బదిలీ కుదరదు. ఒక్కో రైతు ఎంత వాడాడో తెలియదు కాబట్టి పొదుపు చేసినవాడికి ఏదైనా ప్రోత్సాహకం ఇద్దామన్నా వీలుండదు. పెట్టె, ఎర్తింగ్ వల్ల వచ్చే భద్రతా రాదు. చివరిది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎర్తింగ్ చేయడానికి మీటరు అక్కర్లేదు. భద్రత పెట్టెను భద్రత పెట్టెగా ముందు ఇచ్చి, ఆ తర్వాత ఎప్పుడో మీటరు సంగతి మాట్లాడి ఉంటే ఊళ్లలో ఆదరణ వేరుగా ఉండేది. రెంటినీ కలిపి తేవడం వల్ల భద్రత కూడా అనుమానంగానే కనిపించింది.

పగటి కరెంటు

మీటర్ల గొడవలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మార్పు ఇంకొకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయానికి తొమ్మిది గంటల సరఫరాను పగటికి మార్చింది. దానికి సబ్‌స్టేషన్లు, ఫీడర్లు బలోపేతం చేయాల్సి వచ్చింది, ఎందుకంటే రాత్రికీ పగటికీ పంచిన లోడంతా ఒకేచోట పడుతుంది. 2021 డిసెంబరులో కేంద్ర సౌర విద్యుత్ సంస్థ సెకీతో యూనిట్ 2 రూపాయల 49 పైసల చొప్పున 7,000 మెగావాట్ల సౌర విద్యుత్ ఒప్పందం కుదిరింది కూడా ఈ పగటి సరఫరా పేరు మీదే. ఆ ఒప్పందం మీద తర్వాత వచ్చిన వివాదం వేరే సంగతి.

గ్రిడ్ నడిపేవాడి కళ్లతో చూస్తే ఇది చాలా పెద్ద మార్పు. సూర్యుడు ఉన్నప్పుడు కరెంటు చౌక, పొద్దు వాలాక ఖరీదు. ఇంట్లో బల్బును మధ్యాహ్నానికి వాయిదా వేయలేం. చేనుకు నీళ్లు మాత్రం పగలు పెట్టొచ్చు. బ్యాటరీ కొనకుండా లక్షల మోటార్లను సౌర వేళకు జరిపినట్టే. రైతుకు రాత్రి చేనుకు పోయే పని తప్పింది, పాము భయం తప్పింది. ఆటో స్టార్టర్ అవసరం కూడా సగం పోయింది. నా ప్రశ్న ఇక్కడ పెడితే రైతు, సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటరు, లోడ్ డిస్పాచ్ ఇంజనీరు ముగ్గురూ నిర్ణయం మార్చుకున్నారు. మహారాష్ట్ర 2017 నుంచి వ్యవసాయ ఫీడర్ల పక్కనే సోలార్ ప్లాంట్లు పెడుతూ ఇదే దారిలో ఇంకో అడుగు వేసింది. వ్యవసాయ సోలార్ కోసం కేంద్రం తెచ్చిన పీఎం కుసుమ్‌లో ఫీడరు స్థాయి సోలార్‌కు అవకాశం ఉంది కాబట్టి మనకూ ఆ దారి తెరిచే ఉంది.

మిగిలిన పని చిన్నది, కానీ రోజూ చేసేది. ఉదయం అన్ని వ్యవసాయ ఫీడర్లూ ఒకే నిమిషంలో ఆన్ అయితే లోడు గోడలా లేస్తుంది, అప్పటికింకా ఎండ ముదరదు. ఒక్కో 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఫీడర్లను పావుగంట తేడాతో వరసగా ఎత్తాలి. షెడ్యూలింగ్ లెక్క కూడా పావుగంట బ్లాకుల్లోనే ఉంటుంది కాబట్టి రెండూ అతుకుతాయి. సాయంత్రం ఆపేటప్పుడూ అంతే, ముందు ఎత్తినది ముందు దించాలి, లేకపోతే ఒక ఊరికి గంటలు తగ్గి మర్నాడు ధర్నా అవుతుంది. మబ్బు పట్టిన రోజుకు వేరే వరస రాసిపెట్టుకోవాలి. దీనికి టెండరు అక్కర్లేదు. ఆపరేటరు టేబుల్ మీద సీజనుకొకసారి మార్చే ఒక షీటు, ఆ వరస ఎందుకో అతనికి అర్థమయ్యేలా చెప్పే ఒక ఏఈ, రేపు ఏ గంట నుంచి ఏ గంట దాకా ఇస్తారో రైతు ఫోనుకు ముందురోజు సాయంత్రమే పోయే ఒక మెసేజ్ ఉంటే ఈ ఖరీఫ్ నుంచే మొదలుపెట్టొచ్చు.